పక్కన నడిచిన జట్కా సాయిబు

నా పేరు ఓబులమ్మ. వయసు డెబ్బై దాటింది, ఎంత దాటిందో చెప్పేవాళ్లు ఎవరూ మిగల్లేదు. ఉండేది అల్లగడ్డలో, చిన్నకొడుకు ఇంట్లో. నేను, చిన్నోడు, కోడలు, రెండు ఎనుములు, అంతే మా సంసారం. పెద్దోడు మిలిట్రీలో పోయినాడు. నాకు చదువు రాదు. నేను చెప్తాంటే పక్కింటి పంతులమ్మ రాస్తాంది. నా మాటకు తన మాట కలపనని ముందే ఒప్పుకొని కూర్చుంది.

పోయిన శుక్రారం నంద్యాలలో జట్కా సాయిబు చనిపోయినాడు. మధ్యాన్నం నమాజుకు కాళ్లు కడుక్కుంటా కడుక్కుంటా అట్లే గోడకు ఆనుకున్నాడంట. చెంబులో నీళ్లు ఇంకా సగం ఉండాయంట. ఆయన తమ్ముని కొడుకు ఆటో తోలుతాడు, సాయంత్రానికి మా వాకిట్లోకి వచ్చి నిలబడినాడు. నిలబడిన తీరు చూస్తేనే నాకు తెలిసిపోయింది.

ఆయన ఎవరో తెలియనోళ్లకు చెప్తా. నంద్యాల టేషను ముందర చింతచెట్టు కింద జట్కా నిలిపేటోడు. బతికినన్నాళ్లు అదే ఆయన పని. దాంతోపాటు ఇంకో పని చేసినాడు, ఎవరూ చెప్పని పని. మిలిట్రీలో చనిపోయి ఇంటికొచ్చే మా పక్క పిల్లోళ్లను రైలు కాడ ఎదురుపోయి దించుకొని, వాళ్ల వాళ్ల ఊరి పొలిమేర దాకా పక్కన నడిచి, కన్నోళ్లకు అప్పజెప్పేటోడు. పక్కన నడిచి అని రాయి పంతులమ్మా. తోలుకొని అని రాయొద్దు.

ఈ రోజు సోమారం. బేస్తవారం పొద్దున రైలుబండికి చాగలమర్రి పిల్లోడు ఒకడు వస్తాండాడు. సముద్రం అవతల లంకలో, మిలిట్రీలోనే పోయినాడు. రాగిచెంబులో వస్తాండాడు. వాని పక్కన నడిచేదానికి ఇప్పుడు మనిషి లేడు. ఈ కాగితం రాయిస్తాండేది అందుకే. మూడు దినాలుగా నాకు కుదురు లేదు, కూర్చుంటే లేస్తాండా, లేస్తే కూర్చుంటాండా.

మొదట నా తప్పు చెప్పుకుంటా. అది చెప్పకుండా ఆయన మంచి చెప్పే హక్కు నాకు లేదు.

బంగ్లా యుద్ధంలో మా పెద్దోడు పోయినాడు. శరీరం రాలేదు. ఆడనే దహనం చేసి, ఎముకలు చెంబులో పెట్టి, మూతికి గుడ్డతో వాసెన కట్టి, ఒక సిపాయి చేతికిచ్చి పంపినారు. మంగళారం నంద్యాలలో దిగి, మధ్యాన్నం బస్సుకు అల్లగడ్డకు వస్తాడని తంతి వచ్చింది. బయట చనిపోయినోడు ఊర్లోకి రాకూడదని మా పెద్దమనుషులు ముందే చెప్పినారు. వక్కిలేరు గట్టునే అన్నీ సిద్ధం చేసినాం. పొద్దు కుంకేలోపల ముగించాలని అయ్యవారు తొందరపెడతాండాడు.

బస్సు వచ్చింది. అందరూ దిగినారు. నా కొడుకు లేడు.

నేను కండక్టరు చెయ్యి పట్టుకున్నా. ఆయన దిక్కులు చూసినాడు.

"నా తప్పేం లేదమ్మా. బస్సులో పెండ్లిండ్లకు పొయ్యేటోళ్లు ఉండారు, బాలింత ఉంది. చెంబును లోపలికి రానిస్తే మేం దిగిపోతామన్నారు. టాపు మీద పెట్టుకోమన్నా. ఆ జట్కా సాయిబు పెట్టనీలేదు."

"యా సాయిబు?"

"టేషను కాడోడు. కోళ్లగంపల పక్కన ఎట్లా కూర్చోబెడతావని నాతో కొట్లాటకు వచ్చినాడు. జట్కాలో తెస్తాడంట. మూడామడల దారి, రేపు గూడా రాడు చూడు."

చూడండి, నా కొడుకు రావాల్సిన దినం రాకుండా చేసింది ఒక ముక్కూమొగం తెలియని జట్కావాడు అని నా మనసులో పడిపోయింది. రాత్రంతా అదే రగిలింది. అంతదాకా నాకు ఏడుపు రాలేదు. కోపం మాత్రం వచ్చింది, కోపం నిలబెట్టింది నన్ను.

మరుసటి దినం పొద్దు బారెడెక్కినాక వచ్చింది బండి. గుర్రం బక్కది, నురగ కక్కుతాంది. దానికి ఒక పక్క సిపాయి, ఇంకో పక్క తెల్ల తలగుడ్డ కట్టుకున్న మనిషి. బండిలో నా కొడుకు నల్లట్రంకు, దాని మీద చెంబు. నాకు బండి కనపడింది. తోలేటోని పీట ఖాళీగా ఉండేది మాత్రం కనపడలేదు. అదే నా తప్పు.

ఎదురుపోయి దారిలో నిలబడినా. రెండు చేతులా మన్ను ఎత్తి ఆయన మొగాన పోసినా. "నా బిడ్డను రాత్రంతా యాడ పెట్టినావు రా? నీ ఇంట్లో దీపం ఆరిపోను" అన్నా. ఇంకా ఏమేమో అన్నా. ఆడది మన్ను ఎత్తిపోసి తిడితే తగుల్తుందంటారు మా పక్క. తగలాలనే పోసినా.

సిపాయి అడ్డం రాబోతే సాయిబు చెయ్యి చాపి ఆపినాడు. తురకంలో ఏందో చిన్నగా చెప్పినాడు. కండ్లలో పడిన మన్ను తలగుడ్డ కొసతో తుడుచుకున్నాడు. నా పక్క చూళ్లేదు. చెంబు పక్కకు వంగి, బండిలో నిద్రపోయిన మనిషిని లేపినట్ల చెప్పినాడు:

"నాయనా, అల్లగడ్డ వచ్చింది. దిగు. మీయమ్మ వచ్చింది."

అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. ఆ ఏడుపులో ఆయన ఎప్పుడు బండి తిప్పుకొని పోయినాడో గూడా నేను చూడలేదు. ఆయనకు మంచినీళ్లు ఇచ్చినోళ్లు లేరు.

నెల తర్వాత విత్తనాల పనిమీద శిరివెళ్ల మెట్టకు పోయినా. ఆడ టీ అంగడి పెట్టుకున్న ఒకామె నా నుదురు చూసి, చెవులు చూసి, "అల్లగడ్డ మిలిట్రీ పిల్లోని తల్లివా?" అనింది. సిపాయి కాడ వాని ఫోటో చూసిందంట, వాని పోలిక నాదే.

"నీ కొడుకు ఒక రాత్రి నా బెంచీ మీద పండుకున్నాడు" అనింది. "సాయిబు బెంచీ కాళ్ల కాడ కూర్చున్నాడు. పొద్దున ఆముదం అడిగి తీసుకొని కాళ్లకు పూసుకున్నాడు. పగిలి నెత్తురు కారతాంది. అంత బండి పెట్టుకొని ఎందుకప్పా నడిచినావ్ అంటే ఏమన్నాడో తెలుసునా? కూర్చొని తోలితే బాడుగ, నడిస్తే తోడు, అన్నాడు. పిల్లోనికి తోడు గావాల, బాడుగబండి గాదు అన్నాడు."

టీ గలాసు అట్లే పక్కన పెట్టేసినా. నేను పోసిన మన్ను ఆ కాళ్ల మీద గూడా పడింది గదా.

ఆ వారమే గంపెడు శెనక్కాయలు నెత్తిన పెట్టుకొని నంద్యాలకు పోయినా. టేషను ముందర చింతచెట్టు కింద గుర్రానికి గడ్డి వేస్తాండాడు. నన్ను చూసినాడు, గంపను చూసినాడు.

"ఏంది చెల్లె, ఈసారి గంపతో తెచ్చినావా మన్ను?" అన్నాడు.

అంతే. తప్పు ఒప్పుకుంటానని దారిపొడుగునా కూడబెట్టుకున్న మాటలన్నీ పోయినాయి. నవ్వు వచ్చింది. కొడుకు పోయినంక మొదటిసారి నవ్వినా, అదీ నేను శపించిన మనిషి ముందర. అప్పట్నుంచి పదహారేండ్లు, నేను యాడ కనపడినా ఆయన మొదటి మాట అదే. "మన్ను తెచ్చినావా?" నేనూ ఊరుకునేదాన్ని గాదు. "మా ఊరి మన్ను మంచిది అన్నా, నీ మొగానికి ఎక్కువ" అంటాంటి.

ఆ దినమే అడిగినా, రాత్రంతా సిపాయితో ఏం మాట్లాడినావని. ఆ సిపాయి ఉత్తరాదోడు, తెలుగు రాదు. సాయిబుకు వాని మాట వచ్చు. అందుకే నా కొడుకు సంగతి ఈ జిల్లాలో తెలిసిన మనిషి ఆయనొక్కడే.

"నీ కొడుకు సంగటి సంగటి అని అందర్నీ చంపుకు తినేటోడంట. గోధుమపిండితోనే ముద్ద చేసి, నీళ్లపప్పులో అద్దుకొని, ఇదే మా రాగిసంగటి అని వాళ్లకు గూడా పెట్టినాడంట. ఎవరూ తినలేకపోయినారంట" అన్నాడు.

"ఎట్ల పోయినాడు?"

గుర్రం మెడ నిమిరినాడు. "చెప్పాల్సింది చెప్పినా చెల్లె. మిగిలింది నా కాడ ఉండనీ."

ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. కోపంగా అడిగినా, బతిమలాడినా, రంజాను దినం పోయి సేమ్యా తింటా అడిగినా. చెప్పలా. ఇప్పుడు ఆ మాట ఆయనతోపాటే మన్నులోకి పోయింది. ఒక్కోసారి మంచిపని చేసినాడు అనిపిస్తాది, ఒక్కోసారి పోయి ఆ సమాధి తట్టి అడగాలనిపిస్తాది. అబద్ధం చెప్పను.

నా కొడుకు తర్వాత ఇంకా కొందరు వచ్చినారు. నాకు తెలిసి నలుగురు. అందరూ యుద్ధంలో పోయినోళ్లు గాదు. ఒకడు మంచుకొండల్లో పోయినాడు, ఒకడు జ్వరంతో పోయినాడు. జ్వరంతో పోయినోనికి ఇంత మర్యాద ఎందుకని టేషను కాడ ఎవడో అంటే, "వాడు ఇల్లు వదిలింది జ్వరం తెచ్చుకుందామనా?" అన్నాడు సాయిబు.

ఆ జ్వరం పిల్లోనిది శిరివెళ్ల పక్కన పల్లె. ఆసారి నేనూ నడిచినా. అప్పుడు చూసినా ఆయన తీరు దగ్గరగా. గుర్రానికి నీళ్లు పెట్టందే తాను నీళ్లు తాగడు. చర్నాకోల గాల్లో ఆడించడమే గానీ దాని ఒంటి మీద పడనీడు. బండి తోలేటోళ్లకు అలవాటు గదా, ఊరు వచ్చినప్పుడల్లా ఊరి పేరు అరుస్తారు దిగేటోళ్ల కోసం. ఆయన అరవడు, చెంబు పక్కకు వంగి చెప్తాడు. "అప్పా, అయ్యలూరు మెట్ట." ఇంకొంత దూరం పోయినంక, "అప్పా, కాలవ వచ్చింది. ఈత కొట్టినావా ఎప్పుడన్నా?"

"చెంబుకు వినపడతాదా అన్నా?" అన్నా నేను.

"ఊరు చెప్పకుంటే దిగాల్సినోనికి ఎట్ల తెలుస్తాది? నిద్రలో దాటిపోతే ఎవరు తిట్లు తినేది? ఒకసారి తిన్నా గదా నీ కాడ."

శిరివెళ్ల ఇంకా కొంత దూరం ఉందనంగా పెండ్లివాళ్ల ఊరేగింపు ఎదురొచ్చింది. మేళం, టాపు లేని జీపులో పెండ్లికొడుకు. చెంబును చూసి మేళం ఆగిపోయింది. పెండ్లి పెద్ద ఒకాయన ముందుకొచ్చి, "ఏం సాయిబూ, ఇదే దొరికిందా దారి?" అన్నాడు.

నేను కొంగు బిగించినా. సాయిబు నాకంటే ముందు గుర్రాన్ని పట్టి, బండిని రోడ్డు కిందికి, పత్తిచేని గట్టుకు దించినాడు. "శుభం పోనీ అప్పా, మాకు తొందరేం లేదు" అన్నాడు. చెంబు పక్కకు వంగి, "పెండ్లి పోతాంది నాయనా. కొంచెం ఓర్చుకో" అన్నాడు.

పెండ్లి పోయింది. మేము మళ్లా రోడ్డెక్కినాం. కొంచెం దూరం పోయినాక వెనక అడుగుల చప్పుడు. పట్టుచీర కట్టుకున్న ఒకామె, చేతిలో అక్షింతల పళ్లెం అట్లే ఉంది, పెండ్లివాళ్లను వదిలేసి మా పక్కన నడుస్తాంది. తుమ్మచెట్ల దాకా నడిచింది. ఆడ ఆగి, "మావాడు గూడా మిలిట్రీలోనే ఉండాడు" అని మాత్రం చెప్పి వెనక్కి తిరిగింది.

ఆ మనిషి మొగం నాకు ఇప్పటికీ కండ్లముందే ఉంది. ఈ కాగితం ఆమె చేతికి పోవాలని నా ఆశ.

తర్వాత గుర్రం చచ్చిపోయింది. బండి విరిగి పొయ్యిలోకి పోయింది. కాలం మారింది, చెంబును గవర్మెంటు జీపులో తేవడం మొదలుపెట్టినారు. ఈయన మానలేదు. జీపు ముందర నడిచినాడు. డ్రైవరు హారను కొట్టినాడంట. "కొట్టప్పా కొట్టు, గుర్రంతోటి తిరిగినోన్ని, నాకు చప్పుడు అలవాటే" అన్నాడంట. ఆ డ్రైవరు కొంతసేపు చూసి, జీపును నడక మీదికి దించినాడు. ఇది నాకు ఆ డ్రైవరే చెప్పినాడు, మా ఊర్లో జీపు ఆపుకొని నీళ్లు తాగుతా.

చాగలమర్రి పిల్లోని కబురు తెలిసిందీ సాయిబు నుంచే. ఆ పిల్లోని నాయన టేషనుకు వచ్చి ఈయన చేతులు పట్టుకున్నాడంట. పోయిన మంగళారం నాకు కబురు పంపినాడు: "బేస్తవారం గాదు, పై బేస్తవారం పొద్దున బండి. మన్ను తెచ్చుకో." ఆయన నాతో ఆడిన చివరి మాట అదే. ఆడింది గూడా గాదు, పంపింది.

శనివారం పొద్దున జనాజా లేచేయాళకు నేను నంద్యాలలో ఉండా. వాళ్ల ఇంటి తీగ మీద ఆయన తెల్ల తలగుడ్డ ఉతికి ఆరేసి ఉంది. బేస్తవారం కోసమని తానే ఉతుక్కున్నాడంట. వాళ్ల ఆడోళ్లు సమాధుల కాడికి పోరు. నేనూ లోపలికి పోలేదు. అయితే దారి అందరిదీ. పది బారల వెనక నడిచినా. టేషను కాడికి వచ్చినప్పుడు నా నోరు ఆగలేదు.

"అన్నా, టేషను వచ్చింది" అన్నా.

మోసేవాళ్లలో ఒకరిద్దరు వెనక్కి తిరిగినారు. ఆయన తమ్ముని కొడుకు వాళ్లకు ఏందో చెప్పినాడు. చింతచెట్టు కాడ చెప్పినా, "అన్నా, నీ చింతచెట్టు." సమాధుల గేటు కాడ నేను ఆగిపోయినా. దిగే తావు వచ్చిందని చెప్పాల్సిన మాట నా నోట రాలేదు. తమ్ముని కొడుకే వంగి చెప్పినాడు, "పెదనాయనా, వచ్చినాం."

ఆ సాయంత్రమే వాన్ని అడిగినా, బేస్తవారం నువ్వు నడుస్తావా అని.

"అవ్వా, నాది ఆటో. నడిచే కాలమా ఇది? చాగలమర్రి ఎంత దూరమో తెలుసునా నీకు?"

"నాకు తెల్వదా? మీ పెదనాయన కాళ్లకు తెలుసు."

తలొంచుకున్నాడు.

ఈ పొద్దున జీపు పంపే గవర్మెంటు ఆఫీసుకు పోయినా. ఆడ గుమాస్తా మంచిగానే మాట్లాడినాడు. "జీపు ఉంది గదా అవ్వా, రెండు గంటల్లో పోతాది. నువ్వెందుకు కష్టపడేది?" అన్నాడు. జీపు పోనీ నాయనా, నేను జీపును వద్దనలేదు. మెల్లగా పోనీ. పక్కన మనిషి నడిస్తే జీపుకు వచ్చిన నష్టం ఏంది? ఇరవై ఏండ్ల బిడ్డ, సముద్రం దాటి పోయినోడు, రెండు గంటల్లో మూటలాగా ఇంటికి చేరాలనా? ఎవరూ ఊరి పేరు గూడా చెప్పకుండా?

నా వాదన ఇంతే. వినండి. అంత దూరం ఒక్కరే నడవడం ఆయనకు చెల్లింది. మనకు చెల్లదు. నంద్యాలోళ్లు అయ్యలూరు మెట్ట దాకా నడవండి. ఆడ ఆ ఊరోళ్లు అందుకోండి. శిరివెళ్లోళ్లు మీ పొలిమేర నుంచి మీ పొలిమేర దాకా నడవండి. అల్లగడ్డ గూడా అంతే. బయట చనిపోయినోడు ఊర్లోకి రాకూడదంటారు, సరే, పొలిమేరలోనే నడవండి. దండలు వద్దు, మైకులు వద్దు. చెప్పులు ఉంటే ఉండనీ. జీపులో కూర్చొని మాత్రం రావొద్దు. మీ ఊరు వచ్చినప్పుడు పిల్లోనికి మీ ఊరి పేరు చెప్పండి. అంతే మీ పని. పంతులమ్మ ఈ కాగితానికి నకళ్లు రాసి ఇస్తాంది, మా చిన్నోడు దారిలో ప్రతి టీ అంగట్లో ఒకటి ఇచ్చి చదివిస్తాడు.

ఎవరూ రాకపోయినా నేను వస్తా. బేస్తవారం పొద్దున బండికి టేషను ముందర ఉంటా. ఓపిక ఉన్నంత దూరం నడుస్తా, లేనప్పుడు కూర్చుంటా, మళ్లా లేస్తా. ఊర్ల పేర్లన్నీ వరస తప్పకుండా నేర్చుకున్నా, అల్లగడ్డ దాటినాక వచ్చేవి గూడా.

ఆలస్యం అవుతాది. తెలుసు. రెండు గంటల్లో రావాల్సిన బిడ్డ రెండు దినాలకు వస్తాడు. చాగలమర్రి పొలిమేరలో వాని తల్లి నిలబడి ఉంటాది, రాత్రంతా నిద్ర లేకుండా, రెండు గుప్పిళ్లలో మన్ను పట్టుకొని. ఉండనీ. ఎదురుగా పోయి నిలబడతా. మొగం తిప్పుకోను.

చదివి వినిపించగా సరిగా ఉందని ఒప్పుకొని పెట్టిన ఎడమచేతి బొటనవేలి ముద్ర, ఓబులమ్మ, అల్లగడ్డ.

సాక్షులు:
రూతమ్మ, పంతులమ్మ, రాసిన మనిషి.
చిన్న ఓబులేసు, కొడుకు.
మస్తాన్, ఆటో డ్రైవరు, జట్కా సాయిబు తమ్ముని కొడుకు. సంతకం పెట్టేటప్పుడు తలకు తెల్లగుడ్డ కట్టుకొని వచ్చినాడు. ఆ మాట గూడా రాయమని ఓబులమ్మ చెప్పింది.